ఆగిపోయే యంత్రమే నయం

నాంపల్లి స్టేషన్‌తో పట్టాలు అయిపోతాయి. 1907లో కట్టిన ఈ స్టేషన్ టెర్మినస్. ఇక్కడికి వచ్చిన బండి వచ్చిన దారినే వెనక్కి పోవాలి. ఇంజను పక్కకు తప్పుకునే లైను లేని ప్లాట్‌ఫారంలోకి గోదావరి ఎక్స్‌ప్రెస్ వచ్చి ఆగిందనుకోండి, దాన్ని లాక్కొచ్చిన ఇంజను పెట్టెలకూ చివరి గోడకూ మధ్య ఇరుక్కుపోయినట్టే. వెనకనుంచి ఇంకో ఇంజను వచ్చి పెట్టెలను లాగాలి. అది రావాలంటే యార్డులో దారి ఖాళీగా ఉండాలి. పెట్టెలు కదిలితేగానీ ప్లాట్‌ఫారం ఖాళీ కాదు, ప్లాట్‌ఫారం ఖాళీ అయితేగానీ తర్వాతి బండికి సిగ్నల్ పడదు. ఒక్క బండి అరగంట ఆలస్యమైతే దాని వెనక ఏమవుతుందో అక్కడ రోజూ దిగేవాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఏ పని ఎక్కడ, ఎప్పుడు, దేని తర్వాత జరగాలన్న ఈ లెక్కనే కంప్యూటర్ శాస్త్రంలో టాస్క్ షెడ్యూలింగ్ అంటారు. పని మధ్యలో యంత్రం చెడితే మొత్తం కూలిపోకుండా చూసుకోవడం ఫాల్ట్ టాలరెన్స్. పరిశోధనలో ఈ రెండూ చాలాకాలం వేర్వేరు గదుల్లో పెరిగాయి. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలు తిరగేస్తే ఆ సంగతి తెలుస్తుంది. ఎనభైల నాటి టెక్స్ట్‌బుక్కుల్లో షెడ్యూలింగ్ నడిమధ్య అధ్యాయం, ఫాల్ట్ టాలరెన్స్ ఎక్కడో చివర. సిలబస్ అక్కడిదాకా పోదు కాబట్టి ఆ పేజీల మీద పెన్సిల్ గీత కూడా ఉండదు.

ఈ రెండిటినీ కలిపి చదవాలన్నది ఈ సమీక్షలో నా వాదన. బ్యాకప్‌ను ఎక్కడ పెట్టాలో తేల్చేది షెడ్యూలరే. ఎంత ఖాళీ వదలాలో చెప్పేది మాత్రం ఫాల్ట్ లెక్క. ఇంకో మాట కూడా ఉంది. యాభై ఏళ్ల పరిశోధనలో పెద్ద భాగం, చెడిన యంత్రం ఠక్కున ఆగిపోతుందనే అనుకుంది. అలా ఆగిపోయేదాంతో పెద్ద ఇబ్బంది లేదని ఈ ఇరవై ఏళ్ల అనుభవం చెబుతోంది. అసలు నష్టం చేసేవి రెండు: ఆగకుండా నెమ్మదించేది, ఆగకుండా తప్పుడు జవాబు చెప్పేది.

షెడ్యూలింగ్ సిద్ధాంతానికి పునాది వేసినవాడు బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన రొనాల్డ్ గ్రాహం. 1966లో ఆయన చూపించిన పద్ధతి చాలా సులువు: పనుల జాబితా ఒకటి రాసుకో, ఏ ప్రాసెసర్ ఖాళీ అయితే దానికి జాబితాలో సిద్ధంగా ఉన్న మొదటి పని ఇచ్చెయ్. ఇంత మొరటు పద్ధతికి కూడా ఒక హామీ ఉందని ఆయన రుజువు చేశాడు. ప్రాసెసర్లు ఎన్నున్నా సరే, పట్టే సమయం అన్నిటికంటే మంచి షెడ్యూల్‌కు రెండింతలు దాటదు. రెండే ప్రాసెసర్లయితే ఒకటిన్నర రెట్లు దాటదు. అన్నిటికంటే మంచి షెడ్యూల్‌నే పట్టుకుందామంటే కుదిరే పని కాదని 1975లో జెఫ్రీ ఉల్‌మన్ పేపరుతో తేలిపోయింది. పనులు పెరిగేకొద్దీ వెతకాల్సినవి మితిమీరి పెరుగుతాయి. అందుకే అప్పటినుంచీ వచ్చినవన్నీ ఉజ్జాయింపు పద్ధతులే. వేగాల్లో తేడా ఉన్న ప్రాసెసర్ల కోసం 2002లో తోప్‌జూవ్‌లూ, హరీరీ, వూ రాసిన హెఫ్ట్ వాటిలో బాగా నిలబడింది. కొత్త పద్ధతి కనిపెట్టినవాళ్లు ఇప్పటికీ దాంతోనే పోల్చి చూపిస్తారు.

గ్రాహం ఫలితాల్లో హామీ కంటే నాకు విలువైనదిగా తోచేది ఆయన చూపిన వింత. తొమ్మిది పనులు, మూడు ప్రాసెసర్లు. మొత్తం 12 యూనిట్ల కాలంలో పూర్తవుతాయి. ఇంకో ప్రాసెసర్ తెచ్చి నాలుగు చేస్తే తగ్గాలి కదా? 15 పడుతుంది. పోనీ మూడే ఉంచి, ప్రతి పనినీ ఒక యూనిట్ చొప్పున తగ్గిస్తే? 13. పనుల మధ్య ఉన్న ముందు–వెనుక నిబంధనలు కొన్ని ఎత్తేస్తే? 16. సాయం చేద్దామని ఏది చేసినా నష్టమే. ముందుగా ఖాళీ అయిన ప్రాసెసర్ అప్పటికి చేతికందిన చిన్న పనిని ఎత్తుకుంటుంది. అసలు గొలుసును ముందుకు నడపాల్సిన పని వెనకపడుతుంది. పేచీ అంతా అక్కడే.

ఫాల్ట్ టాలరెన్స్ వాళ్లు ఈ వింతను మొదట్లో పట్టించుకోలేదు. ఒక ప్రాసెసర్ పోతే కాలం పెరుగుతుంది, బాగై తిరిగొస్తే తగ్గుతుంది అని ధీమాగా లెక్కలు వేశారు. గ్రాహం ఉదాహరణ ప్రకారం తిరిగొచ్చిన ప్రాసెసరే కొంప ముంచవచ్చు. గడువు దాటితే ప్రమాదమయ్యే రియల్‌టైమ్ వ్యవస్థల్లో ఇది మామూలు సంగతి కాదు. అక్కడ ఒక పని అనుకున్నదానికంటే ముందే అయిపోవడం కూడా అనుమానించాల్సిన విషయమే.

ఇక ఇంకో గదిలో ఏం జరిగిందో చూద్దాం. నమ్మలేని భాగాలతో నమ్మదగిన యంత్రాన్ని కట్టవచ్చా అన్న ప్రశ్నకు 1956లో జాన్ వాన్ న్యూమన్ జవాబు రాశాడు. ఒకే పని చాలా యూనిట్లకు ఇచ్చి మెజారిటీ మాట తీసుకో. మూడు యూనిట్లతో లెక్క వేస్తే, ఒక్కొక్కటీ నూటికి 99 సార్లు సరిగ్గా చెబితే, మూడింటిలో రెండు కలిసిన జవాబు పదివేలకు 9,997 సార్లు సరైనదవుతుంది. ఒక శాతం తప్పు 0.03 శాతానికి పడిపోయిందన్నమాట. ఒక్కోదాని నమ్మకం సగానికంటే తక్కువైతే మాత్రం ఓటింగ్ ఉన్నదాన్ని కూడా చెడగొడుతుంది.

ఈ సూత్రం మన ఊరి పట్టాల మీదికి కూడా వచ్చింది. రైల్వే ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్‌లలో రెండింటిలో రెండూ కలిస్తేనే, లేదా మూడింటిలో రెండు కలిస్తేనే ఆదేశం వెళ్లే ఏర్పాటు మామూలే. బండ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థకు దక్షిణ మధ్య రైల్వేలోనే తొలి పరీక్షలు జరిగాయి. రైల్వే పరిశోధనా సంస్థ ఆర్‌డీఎస్‌ఓతో కలిసి దాన్ని మొదట తయారుచేసిన మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మూడూ హైదరాబాద్ కంపెనీలే. భద్రతా ప్రమాణాల్లో అన్నిటికంటే పైమెట్టు అయిన సిల్–4 దానికి పెట్టారు. అయితే సిగ్నలింగ్ వాళ్లకు ఒక సౌకర్యం ఉంది. అనుమానం వస్తే బ్రేకు వేసేయవచ్చు. ఆగిన బండి క్షేమం. వాతావరణ లెక్క చేస్తున్న పదివేల ప్రాసెసర్లకు అలాంటి క్షేమమైన ఆగుడు లేదు. ఆగితే తుఫాను తీరం దాటాక జవాబు వస్తుంది.

అక్కడ ఓటింగ్ ఖరీదు కూడా భరించలేం. సూపర్‌కంప్యూటర్‌ను మూడింతలు చేసి ఒకే లెక్క మూడుసార్లు చేయించేందుకు ఎవరి దగ్గరా డబ్బు లేదు. అందుకే అక్కడ చెక్‌పాయింట్ పద్ధతి స్థిరపడింది. కొంతసేపటికోసారి లెక్క ఎక్కడిదాకా వచ్చిందో డిస్కు మీద రాసిపెట్టుకోవడం, చెడితే అక్కడినుంచి ఎత్తుకోవడం. ఎంతసేపటికోసారి రాయాలి? 1974లో జాన్ యంగ్ ఒక చిన్న సూత్రం ఇచ్చాడు: ఒకసారి రాయడానికి పట్టే కాలాన్నీ, రెండు చెడుళ్ల మధ్య సగటు కాలాన్నీ గుణించి, రెట్టింపు చేసి, వర్గమూలం తీయాలి. రాయడానికి 5 నిమిషాలు, సగటున రోజుకో చెడుడు అనుకుంటే 5 ఇంటూ 1,440, దానికి రెట్టింపు 14,400. వర్గమూలం 120. అంటే రెండు గంటలకోసారి. అప్పుడు రాయడానికీ, చేసిన పనే మళ్లీ చేయడానికీ కలిపి సుమారు 8 శాతం కాలం పోతుంది. చెడుళ్లు ఆరు గంటలకొకటి అయితే గంటకోసారి రాయాలి, నష్టం సుమారు 17 శాతానికి చేరుతుంది. 2006లో జాన్ డేలీ ఈ సూత్రానికి మెరుగులు దిద్దాడు. కాగితం మీద వేసుకునే లెక్కకు యంగ్ ఇచ్చినది చాలు.

చెడుళ్లు అంత దగ్గరగా ఎందుకు వస్తాయన్నది గుణకారంతో తేలిపోతుంది. పదేళ్లకోసారి చెడే గట్టి నోడ్, అంటే పెద్ద యంత్రంలోని ఒక్కో కంప్యూటర్, తీసుకోండి. అలాంటివి పదివేలు కలిపితే తొమ్మిది గంటలు తిరగకుండానే ఎక్కడో ఒకటి చెడుతుంది.

ఈ రెండు గదుల మధ్య తలుపు తీసినవాళ్లు రియల్‌టైమ్ పరిశోధకులు. 1986లో కృష్ణ, షిన్‌ల పేపరు ప్రాసెసర్ చెడినా గడువు తప్పకుండా పనికి బదులు ప్రతిని షెడ్యూల్‌లోనే ముందుగా ఇరికించి ఉంచడం గురించి. ఆ దారినే ప్రైమరీ–బ్యాకప్ పద్ధతి నిలదొక్కుకుంది. ఒక పని 8 యూనిట్లు, గడువు 20 అనుకోండి. అసలు ప్రతి, మొదటి ప్రాసెసర్ మీద 0 నుంచి 8 దాకా నడుస్తుంది. బదులు ప్రతికి రెండో ప్రాసెసర్ మీద 10 నుంచి 18 దాకా చోటు పట్టి ఉంచుతారు. మొదటిది చెడితే రెండోది నడుస్తుంది, గడువు దాటదు. చిక్కల్లా, చెడకపోతే ఆ 8 యూనిట్లూ దండగ అన్నదే.

1997లో ఘోష్, మెల్హెమ్, మోసే ఈ దండగను రెండు ఎత్తులతో తగ్గించారు. అసలు ప్రతి క్షేమంగా పూర్తయిన మరుక్షణం బదులు ప్రతికి పట్టిన చోటు వదిలేయడం మొదటిది. రెండోది ఇంకా తెలివైనది: వేర్వేరు ప్రాసెసర్ల మీద నడిచే రెండు పనుల బదులు ప్రతులకు ఒకే చోటు ఇవ్వడం. రెండు ప్రాసెసర్లూ ఒకేసారి చెడవన్న నమ్మకం మీద ఆడిన పందెం ఇది. రిజర్వేషన్‌లో ఒకే బెర్తు ఇద్దరికి రాసినట్టు కనిపిస్తుంది కానీ, ఇద్దరూ రారన్నదానికి ఇక్కడ లెక్క ఉంది.

తెలుగు పాఠకులు గుర్తుంచుకోవాల్సిన పేరు ఇక్కడే వస్తుంది. వరంగల్ ఆర్‌ఈసీలో 1982లో బీటెక్ చేసి, ఖరగ్‌పూర్‌లోనూ బెంగళూరు ఐఐఎస్‌సీలోనూ చదివి, మద్రాసు ఐఐటీలో పాఠం చెప్పిన సి. శివరామమూర్తి. తన విద్యార్థి జి. మణిమారన్‌తో కలిసి 1998లో ఆయన రాసిన పేపరు, పనులు ముందుగా తెలియకుండా ఎప్పటికప్పుడు వచ్చిపడుతుంటే ఈ ప్రైమరీ–బ్యాకప్ షెడ్యూల్‌ను అప్పటికప్పుడు ఎలా వేయాలో చూపింది. అంతకు ముందు సంవత్సరమే ఇద్దరూ గ్రాహం వింత దగ్గరికి వెళ్లారు. ఒక పని ముందే అయిపోతే మిగిలిన కాలాన్ని వేరేవాటికి వాడుకుందామంటే షెడ్యూల్ అదుపు తప్పి ఇంకెవరి గడువో దాటిపోవచ్చు కదా. అలా జరగకుండా మిగులు కాలాన్ని రాబట్టుకునే పద్ధతి ఇచ్చారు. 2001లో ఎంఐటీ ప్రెస్ అచ్చువేసిన వాళ్ల పుస్తకంలో షెడ్యూలింగ్, ఫాల్ట్ టాలరెన్స్ పక్కపక్కనే కూర్చున్నాయి. ఆ కాలపు పుస్తకాల్లో అది అరుదు.

హైదరాబాద్‌కు సమాంతర యంత్రాలతో పరిచయం అంతకంటే పాతది. 1988లో డీఆర్‌డీఓ ఇక్కడ అనురాగ్ అనే సంస్థను పెట్టి పేస్ అనే పారలల్ కంప్యూటర్ కట్టించింది. మోటరోలా 68 వేల శ్రేణి చిప్పులతో మొదలుపెట్టి 128 నోడ్ల దాకా పెంచారు. క్షిపణి చుట్టూ గాలి ఎలా పారుతుందో లెక్కగట్టడం దాని పని. అదే ఏడాది పుణెలో సీడాక్ మొదలై 1991లో పరమ్ 8000 వచ్చింది. గాలి ప్రవాహం లెక్కలో స్థలాన్ని గళ్లుగా పంచి ఒక్కో నోడ్‌కు కొన్ని గళ్లు ఇస్తారు. ప్రతి అడుగులోనూ పక్క నోడ్‌తో అంచుల విలువలు పంచుకోవాలి కాబట్టి ఒక నోడ్ నెమ్మదిస్తే 128 నోడ్లూ దాని కోసం కూర్చుంటాయి. ఈ మాట మళ్లీ అవసరమవుతుంది, గుర్తుంచుకోండి.

ఇంకో యంత్రం గురించి పరిశోధన పేపర్లలో పెద్దగా రాయరు కానీ మనందరి చేతికీ తగిలింది. రైల్వే రిజర్వేషన్. తొంభైలలో రైల్వేల సమాచార వ్యవస్థల సంస్థ క్రిస్ రాసిన కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేర్ మొదట సికింద్రాబాద్‌లో నడిచింది. 1999 నాటికి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ కేంద్రాలు అయిదూ కలిసిపోయాయి. ఒక్కో కేంద్రం దగ్గర ఆ ప్రాంతపు బండ్ల వివరాలు ఉంటాయి. నాంపల్లి కౌంటర్‌లో నిలబడి హౌరా నుంచి బయలుదేరే బండికి టికెట్ అడిగితే, ఆ అడుగుడు సికింద్రాబాద్ మీదుగా కోల్‌కతాకు పోయి రావాలి.

ఇందులో కష్టం ఎక్కడుందో దగ్గరగా చూస్తే ఫాల్ట్ టాలరెన్స్ మొత్తం అర్థమవుతుంది. 37వ బెర్తును నాంపల్లి కౌంటర్ అడిగింది. అవతలి యంత్రం బెర్తు రాసేసింది. జవాబు తిరిగొచ్చే లోపల లైను తెగింది. ఇవతలి యంత్రానికి రెండే తెలుసు: అడిగాను, జవాబు రాలేదు. మళ్లీ అడిగితే ఒకే మనిషికి రెండు బెర్తులు పోవచ్చు. అడగకపోతే డబ్బు కట్టిన మనిషికి ఒక్కటీ రాకపోవచ్చు. అవతలివాడు ఆగిపోయాడో, నెమ్మదించాడో, పని చేసేసి చెప్పలేకపోయాడో ఇవతలినుంచి తేడా తెలియదు. అందుకే ప్రతి అడుగుడుకూ ఒక నంబరు వేసి, అదే నంబరు రెండోసారి వస్తే పని మళ్లీ చేయకుండా పాత జవాబే ఇచ్చే ఏర్పాటు పెడతారు. కాన్సర్ట్ ఈ బాధ్యతను డిజిటల్ కంపెనీవారి ఓపెన్‌వీఎంఎస్ క్లస్టర్లకూ, రిలయబుల్ ట్రాన్సాక్షన్ రూటర్ అనే మధ్య పొరకూ అప్పజెప్పింది. బండ్లను ప్రాంతాలవారీగా విడదీయడంలో ఇంకో లాభం ఉంది. ఒక కేంద్రం పడిపోతే దాని బండ్లకే ఇబ్బంది, మిగతా దేశం నడుస్తుంది. దీన్ని షెడ్యూలింగ్ నిర్ణయం అనాలా, ఫాల్ట్ టాలరెన్స్ నిర్ణయం అనాలా? నాకైతే విడదీయడం సాధ్యమనిపించదు.

హైదరాబాద్‌లోనే సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ 2007 నుంచి నడుపుతున్న సునామీ హెచ్చరిక కేంద్రం ఈ ప్రశ్నను ఇంకో వైపునుంచి తప్పించుకుంది. భూకంపం వచ్చిన నిమిషాల్లో హెచ్చరిక పోవాలి. ఆ నిమిషాల్లో పెద్ద లెక్క మొదలుపెట్టి, మధ్యలో యంత్రం చెడితే దిక్కెవరు? అందుకని ఎక్కడెక్కడ ఎంత తీవ్రతతో భూకంపం రావచ్చో ఊహించి, వేలకొద్దీ సందర్భాలకు అలల లెక్క ముందే చేసి దాచారు. ఆపద వేళ చేసేది వెతుకులాట మాత్రమే. గడువు ఉన్న పనిని గడువు లేని కాలానికి జరిపేశారు. షెడ్యూలింగ్ పేపర్లలో ఈ ఎత్తుకు దక్కాల్సిన గౌరవం దక్కలేదు.

ఇక నా అసలు వాదనకు సాక్ష్యం. 2004లో గూగుల్‌లో జెఫ్రీ డీన్, సంజయ్ గెమావత్, పెద్ద పనిని ముక్కలు చేసి వేల యంత్రాలకు పంచే మ్యాప్‌రెడ్యూస్ గురించి రాసిన పేపరు చాలామంది చదివారు, అందులోని ఒక పోలిక మాత్రం చాలామంది దాటేశారు. టెరాబైటు పాటి సమాచారాన్ని వరసలో పెట్టే పని 1,746 వర్కర్ ప్రక్రియలకు ఇచ్చారు. మామూలుగా 891 సెకన్లు. పని నడుస్తుండగా కావాలనే 200 వర్కర్లను చంపేశారు. 933 సెకన్లు. అయిదు శాతం నష్టం, అంతే. తర్వాత ఎవరినీ చంపలేదు, బ్యాకప్ పనులను మాత్రం ఆపేశారు. అంటే చివర్లో వెనకబడిన పనికి ఇంకో యంత్రం మీద నకలు మొదలుపెట్టే ఏర్పాటును తీసేశారు. 1,283 సెకన్లు. నలభై నాలుగు శాతం నష్టం. 960 సెకన్లకు అయిదు పనులు తప్ప అన్నీ అయిపోయాయి. ఆ అయిదింటి కోసం ఇంకో మూడు వందల సెకన్లు కూర్చున్నారు.

రెండు వందల చావుల కంటే అయిదు నత్తనడకలు ఎనిమిది రెట్లకు పైగా ఖరీదు. నత్తనడకకు కారణాలు కూడా ఆ పేపరులోనే ఉన్నాయి. తప్పుల్ని సరిదిద్దుకుంటూ నడిచే పాడు డిస్కు వేగం సెకనుకు 30 మెగాబైట్ల నుంచి 1కి పడిపోతుంది. ఒకసారి సాఫ్ట్‌వేర్ లోపం వల్ల కొన్ని యంత్రాల్లో ప్రాసెసర్ క్యాష్‌లు పనిచేయక, లెక్క వంద రెట్లకు పైగా నెమ్మదించింది. ఏ యంత్రమూ చచ్చిపోలేదు. అడిగితే బతికే ఉన్నానని జవాబు ఇస్తుంది. ప్రాణం ఉందా అని మాత్రమే అడిగే ఫాల్ట్ టాలరెన్స్‌కు ఇది కనబడదు. పని ఎంత ముందుకు నడిచిందని అడిగే షెడ్యూలర్‌కే కనబడుతుంది. 2008లో మతేయ్ జహారియా బృందం, మ్యాప్‌రెడ్యూస్ దారిలోనే వచ్చిన హడూప్‌లో ఈ నకలు పద్ధతిని పరిశీలించి, యంత్రాల వేగాల్లో తేడా ఉన్నచోట అది తప్పుడు పనులకు నకళ్లు వేస్తోందని చూపింది. ఏ పని అన్నిటికంటే చివర ముగుస్తుందో అంచనా కట్టి దానికే నకలు వేయాలన్న వాళ్ల సూత్రం ఇప్పటికీ చెల్లుతోంది.

చెడుళ్లు నిజంగా ఎలా వస్తాయో తెలియడానికి అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల మేలు చేసింది. తమ 22 వ్యవస్థల తొమ్మిదేళ్ల చెడుళ్ల చిట్టాను బయటపెట్టింది. 2006లో బియాంకా ష్రోడర్, గార్త్ గిబ్సన్ దాన్ని విశ్లేషించారు. దాదాపు 23 వేల చెడుళ్లు. యంగ్ సూత్రం, దాని మీద కట్టిన వందలాది పేపర్లు, చెడుళ్లు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఎప్పుడైనా సమాన అవకాశంతో వస్తాయని అనుకుంటాయి. చిట్టా అలా చెప్పలేదు. పగలు ఎక్కువ, రాత్రి తక్కువ. వారం మధ్యలో ఎక్కువ, వారాంతంలో తక్కువ. పని ఒత్తిడి ఎక్కువున్నప్పుడే యంత్రాలు చెడుతున్నాయన్నమాట. ఇది చిన్న విషయం కాదు. ఏ నోడ్‌కు ఎంత పని ఇవ్వాలో తేల్చేది షెడ్యూలర్. పని భారాన్ని బట్టి చెడుడు వస్తుంటే, తాను తట్టుకోవాల్సిన చెడుళ్లలో కొన్నిటిని షెడ్యూలరే తెచ్చిపెడుతోంది.

ఇప్పటి పెద్ద యంత్రాల్లో ఈ లెక్కలన్నీ ఒకేచోట కలుస్తాయి. మెటా సంస్థ 2024లో లామా 3 భాషా నమూనాకు శిక్షణ ఇచ్చినప్పటి వివరాలు బయటపెట్టింది. 16,384 జీపీయూలు, 54 రోజులు, అనుకోని ఆటంకాలు 419. సగటున మూడు గంటలకొకటి. వాటిలో 148 ఆటంకాలు జీపీయూలు చెడడం వల్ల, 72 వాటి మెమరీ చెడడం వల్ల. అయినా శిక్షణకు పనికొచ్చిన కాలం 90 శాతం పైనే నిలబెట్టారు, చాలా ఆటంకాలను మనిషి చేయి పడకుండానే సర్దుకున్నారు. ఇందాక పేస్ గురించి చెప్పిన మాట ఇక్కడ అవసరం. ఈ శిక్షణలో ప్రతి అడుగులోనూ అన్ని జీపీయూలూ తమ లెక్కలు కలుపుకోవాలి. ఒక్కటి నెమ్మదిస్తే పదహారు వేలూ నెమ్మదిస్తాయి. 128 నోడ్ల నాటి సమస్యే ఇది, కానీ నిమిషం ఆగితే పోయే డబ్బు వేరు. మ్యాప్‌రెడ్యూస్‌లో లాగా ఒక ముక్కకు నకలు వేసి తప్పించుకోవడం కూడా ఇక్కడ కుదరదు, ముక్కలు విడివిడిగా లేవు కాబట్టి. నెమ్మదించినదాన్ని కనిపెట్టి, పక్కన పెట్టి, చెక్‌పాయింట్ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. నెమ్మదించినది ఏదో కనిపెట్టడమే అన్నిటికంటే కష్టం. అందరూ ఒకరికోసం ఒకరు ఆగుతుంటే అందరూ నెమ్మదిగానే కనిపిస్తారు.

నెమ్మదించడం కంటే ఘోరమైనది అబద్ధం. 2021లో మెటా పరిశోధకులు ఒక ఉదంతం రాశారు. ఫైళ్లను విప్పే ముందు వాటి పరిమాణం లెక్కగట్టే చోట, కొన్ని ఫైళ్లు ఉండీ సున్నా పరిమాణంగా తేలి మాయమవుతున్నాయి. వెతగ్గా వెతగ్గా ఒక ప్రాసెసర్‌లో ఒకే ఒక్క కోర్ దగ్గర తేలారు. 1.1ని 53వ ఘాతానికి పెంచి పూర్ణాంకం తీస్తే 156 రావాలి. ఆ కోర్ సున్నా ఇస్తోంది. అది ఆగదు, గోల పెట్టదు, వేగం తగ్గదు, మిగతా లెక్కలు చాలావరకు సరిగ్గానే చేస్తుంది. అదే ఏడాది గూగుల్ వాళ్లు కూడా ఇలాంటి కోర్ల గురించి రాస్తూ, కొన్ని వేల యంత్రాలకు కొన్ని చొప్పున ఇలాంటివి ఉంటాయన్నారు. చెక్‌పాయింట్ దీనికి మందు కాదు సరికదా, తప్పును భద్రంగా దాచిపెడుతుంది.

దీనికి నాకు తెలిసిన అందమైన జవాబు 1984 నాటిది. హువాంగ్, అబ్రహాం మాత్రికల గుణకారానికి రాసిన పద్ధతి. మొదటి మాత్రిక వరసలు (1, 2), (3, 4). రెండోదానివి (5, 6), (7, 8). గుణిస్తే (19, 22), (43, 50). ఇప్పుడు మొదటి మాత్రికకు నిలువు మొత్తాల వరస 4, 6ను అడుగున చేర్చి దాన్ని కూడా గుణించండి. 62, 72 వస్తాయి. జవాబులో నిలువు మొత్తాలు కూడా 62, 72. రెండో మాత్రికకు అడ్డం మొత్తాలు 11, 15 చేర్చి గుణిస్తే 41, 93. జవాబులో అడ్డం మొత్తాలు అవే. ఏదో ఒక కోర్ 43 బదులు 53 ఇచ్చిందనుకోండి. మొదటి నిలువు మొత్తం 72 అయి 62తో కలవదు, రెండో అడ్డం మొత్తం 103 అయి 93తో కలవదు. ఆ రెండూ కలిసేచోట తప్పు ఉంది, పది తీసేస్తే సరి. లెక్కను మూడుసార్లు చేయకుండా, కాస్త అదనపు పనితోనే తప్పు పట్టుకుని దిద్దేశాం. పెద్ద మాత్రికల్లో ఈ అదనం ఇంకా చిన్నదవుతుంది. ఇప్పటి భాషా నమూనాల్లో జరిగేది ప్రధానంగా మాత్రికల గుణకారమే కాబట్టి నలభై ఏళ్ల కిందటి ఈ పేపరు దుమ్ము మళ్లీ దులుపుతున్నారు.

మన దేశంలో ఈ రంగంలో జరుగుతున్న పరిశోధన గురించి ఒక మాట అనక తప్పదు. హైదరాబాద్‌కు ఈ విషయం కొత్తది కాదు. హైపీసీ సమావేశం 2003లో, సమాంతర గణనలో పెద్ద సమావేశమైన ఐపీడీపీఎస్ 2015లో ఇక్కడే జరిగాయి. ట్రిపుల్ ఐటీలో కిశోర్ కొత్తపల్లి లాంటివాళ్లు జీపీయూల మీద నికరమైన పని చేశారు. కానీ దేశమంతటా పీహెచ్‌డీల పేరుతో వస్తున్న షెడ్యూలింగ్ పేపర్లలో ఎక్కువ భాగం ఒకే మూసలో ఉంటాయి. క్లౌడ్‌సిమ్ అనే సిమ్యులేటర్ తెరుస్తారు. చీమలో, తోడేళ్లో, తిమింగలాలో ఏదో జంతువు పేరు మీద ఒక అన్వేషణ పద్ధతి తీసుకుంటారు. పాతదానికంటే పదిహేను శాతం మెరుగని గ్రాఫు గీస్తారు. క్లౌడ్‌సిమ్ మంచి పనిముట్టే, దాన్ని కట్టిన రాజ్‌కుమార్ బుయ్యా బృందానిది తప్పు లేదు. తప్పల్లా అందులోకి పంపే చెడుళ్లు ఊహించినవి కావడం. పైగా ఆ ఊహలో యంత్రం ఉంటే ఉంటుంది, లేకపోతే చస్తుంది. నత్తనడక లేదు, అబద్ధం లేదు, పగలు–రాత్రి తేడా లేదు. అలాంటి లోకంలో ఏ జంతువైనా గెలుస్తుంది.

ఈ లోటు తీర్చుకోవడానికి సూపర్‌కంప్యూటర్ అక్కర్లేదు. లాస్ అలమోస్ చిట్టా ఎవరైనా తీసుకోవచ్చు. గూగుల్ తన క్లస్టర్ల 2011, 2019 నాటి చిట్టాలను విడుదల చేసింది. ఏ పని ఏ యంత్రం మీద ఎంతసేపు నడిచి, ఎందుకు ఆగిందో అందులో ఉంది. అబిడ్స్‌లోనే చాపెల్ రోడ్డులో స్టాన్లీ, కింగ్‌కోఠి రోడ్డులో మెథడిస్ట్ ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. ఏ కాలేజీ ల్యాబ్‌లోనైనా వందో రెండు వందలో కంప్యూటర్లు ఉంటాయి, రాత్రిపూట వాటితో పని ఉండదు. ఖాళీ యంత్రాలను పట్టుకుని పని చేయించి, యజమాని వచ్చి కీబోర్డు ముట్టగానే చెక్‌పాయింట్ తీసి ఇంకోచోటికి మార్చే కాండర్ వ్యవస్థ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో 1988 నాటికే నడిచింది, ఇప్పటికీ ఉచితం. ల్యాబ్‌లో కరెంటు ఎప్పుడు పోయింది, యూపీఎస్ ఎంతసేపు మోసింది, ఏ యంత్రం డిస్కు మూలుగుతోంది, మే నెల మధ్యాహ్నం ఏసీ ఆగినప్పుడు ఏ వరసలోని ప్రాసెసర్లు వేగం తగ్గించుకున్నాయి అని ఒక ఏడాది రాసిపెడితే, అది లాస్ అలమోస్ దగ్గర కూడా లేని చిట్టా. దాని మీద హెఫ్ట్‌ను ఒకసారి, చివర ముగిసే పనికి నకలు వేసే పద్ధతిని ఒకసారి నడిపి చూస్తే, తోడేళ్లూ తిమింగలాలూ ఎక్కడ నిలబడతాయో తేలుతుంది.